కోచ్‌ని మారిస్తే సరిపోతదా?



ఇండియా ఫుట్‌బాల్ టీమ్ ఓడిన ప్రతిసారీ మన గ్రూపులో ఒకటే పోస్టు: "కోచ్‌ని పీకేయండి." పీకుతూనే ఉన్నారు కదా! 2024 జూన్‌లో ఖతార్ చేతిలో ఓడి వరల్డ్ కప్ దారి మూసుకుపోగానే స్టిమాచ్‌ని తీసేశారు. (లైను దాటి బయటికి పోయిన బంతిని లోపలికి లాగి కొడితే రెఫరీ గోల్ ఇచ్చాడు, ఆ కడుపుమంట వేరే.) తర్వాత, హైదరాబాద్ ఎఫ్‌సీకి ఐఎస్ఎల్ కప్పు తెచ్చిన మనోలో మార్కెజ్ వచ్చాడు. గోవా క్లబ్బుకు కోచ్‌గా ఉంటూనే దేశం టీమ్‌ని కూడా చూసుకోమన్నారు. పార్ట్‌టైమ్ కొలువన్నమాట! 8 మ్యాచ్‌లు, ఒక్క గెలుపు, అదీ మాల్దీవుల మీద. 2025 జులైలో ఆయనా పోయాడు. ఐఎస్ఎల్ తర్వాతి సీజన్‌ని పక్కన పెట్టిందీ ఆ నెలలోనే. ఆగస్టులో ఖాలిద్ జమీల్‌ని తెచ్చారు. అక్టోబర్‌లో గోవాలోనే సింగపూర్ చేతిలో 2-1తో ఓడి ఆసియా కప్ ఆశ కూడా పోయింది. మళ్లీ అదే పోస్టు.

విదేశీ కోచా, మనోడా అని కొట్లాడే వాళ్లను అడుగుతున్నాం, రహీం సాబ్ ఎవరు? హైదరాబాద్ బడిపంతులు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మనోళ్లను 10-1తో చితక్కొట్టింది. చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఇప్పుడైతే ఎయిర్‌పోర్టులోనే కోచ్ ఉద్యోగం ఊడేది. కానీ 1956లో మెల్‌బోర్న్‌కు టీమ్‌ని తీసుకెళ్లింది ఆయనే, నాలుగో స్థానం వచ్చింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల బంగారం. ఆయనకు టైమ్ దొరికింది, నిజమే. దానికంటే పెద్ద సంగతి, పిల్లలు ఆడే గల్లీలు, మైదానాలు ఆయన కళ్ల ముందే ఉండేవి. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ నుంచి తులసీదాస్ బలరాం అట్లనే దొరికాడు.

ఇప్పుడు వెతికేదెవరు? నిజామాబాద్ జిల్లా తండా బిడ్డ గుగులోత్ సౌమ్య ఇండియా జెర్సీ వేసుకుంది. మిగతా తండాల్లో, గూడేల్లో పరుగెత్తే కాళ్లు లేవా? మా హాస్టల్లో గోల్‌పోస్ట్ అంటే రెండు జతల చెప్పులు. పీఈటీ సార్ లేడు. సెలక్షన్స్ కబురు అవి అయిపోయినంక వస్తది. కోచ్ తప్పే ఉండదని మేము అనట్లేదు. పైనుంచి ఇచ్చిన ఇరవై మందితోనే ఆయన వంట చేయాలి, బియ్యమే లేకుంటే వంటమనిషిని మార్చి ఏం లాభం?

మీ హాస్టల్లో బంతి ఉందా, పీఈటీ ఉన్నాడా, సెలక్షన్స్ సంగతి ఎప్పుడైనా ముందే తెలిసిందా? కామెంట్లో రాయండి. అన్నీ కలిపి ఒక లిస్టు చేసి ఐటీడీఏ పీవో గారికి ఇద్దాం.