విశ్వవిద్యాలయముల హద్దురాళ్లు

మౌలాలి గుట్ట పాదమున ఒక తోటలో మాహ్ లఖా బాయి చందా సమాధి యున్నది. నిజాము ఆస్థానమున కవయిత్రిగా పేరొంది 1824లో గతించిన యామెకు ప్రభువులిచ్చిన జాగీరులలో అడిక్‌మెట్టు ఒకటి. గుట్టకు నైరుతిగా కొలది మైళ్ల దూరమున నేడు ఉస్మానియా విశ్వవిద్యాలయము నిలిచియున్న నేల ఆ జాగీరులోనిదే యని చారిత్రకులు చెప్పుదురు. ఒక కవయిత్రి జాగీరు వేలాది విద్యార్థులకు చదువుల నేల యగుట ముచ్చటైన కథయే. అయినను కథ చాలదు. ఆ నేల ఎవరిది, ఏ కాగితముపై ఎవరి పేరనున్నది, దాని హద్దురాయి యెచ్చట పాతబడినది యను ప్రశ్నలకు విశ్వవిద్యాలయములు తడుముకొనక ఉత్తరము చెప్పగలిగియుండవలెను. చెప్పజాలనినాడు ఏమగునో 2025 వసంతమున రాజధాని ప్రజలు కన్నులార చూచిరి.

ఆ సంవత్సరము మార్చి కడపట కంచ గచ్చిబౌలిలో, హైదరాబాదు కేంద్ర విశ్వవిద్యాలయమునకు ఆనుకొనియున్న 400 ఎకరములలోనికి యంత్రములు ప్రవేశించినవి. ఆ భూమిని చదునుచేసి వేలము వేయవలెనని ప్రభుత్వము తలపెట్టెను. విద్యార్థు లడ్డుపడిరి, పలువురు నిర్బంధింపబడిరి. సుమారు నూఱు ఎకరముల మేర చెట్లు నేలగూలిన పిమ్మట, ఏప్రిల్ 3వ తేదీన సుప్రీముకోర్టు ఆ పనిని నిలుపు చేయించెను. నెమళ్లు, జింకలు తిరుగాడుచోటు ఒక్కవారములో మోడువారుట చూచి దేశమంతయు కలత చెందెను. ఆ కలత న్యాయమైనదే. కాని చెట్ల కొఱకు కన్నీరు కార్చి ఊరకుండిన యెడల, ఇట్టి సంకటము మఱియొక ఆవరణలో మరల పుట్టకమానదు. దాని మూలము రంపపు పండ్లలో లేదు, దస్తావేజులలో నున్నది.

ఆ మూలమును సంగ్రహముగ చెప్పెదము. 1973 నాటి ఆఱుసూత్రముల ఒప్పందము ఫలితముగ 1974లో పార్లమెంటు చట్టమువలన ఈ విశ్వవిద్యాలయము పుట్టెను. సరోజినీ నాయుడు గారి ఆబిడ్సు గృహమగు గోల్డెన్ త్రెషోల్డులో మొదట పాఠములు సాగినవి. 1975లో గచ్చిబౌలి ప్రాంతమున 2,300 ఎకరములకు పైబడిన భూమి దానికి కేటాయింపబడెను. కేటాయింపు జరిగినదే కాని, హక్కు విశ్వవిద్యాలయమునకు సంక్రమించినట్లు ప్రత్యేక దస్తావేజు వ్రాయబడలేదు. భూమి సర్కారుదిగనే రికార్డులలో నిలిచెను. అందుండి కొంత కొంత యితర సంస్థలకును, క్రీడాప్రాంగణమునకును పోయెను. 2003లో సర్వే నంబరు 25లోని 400 ఎకరములు ఒక ప్రైవేటు క్రీడాసంస్థ కీయబడెను. వాని బదులుగా గోపన్‌పల్లిలో భూమి నిచ్చితిమని ప్రభుత్వము చెప్పుచున్నది. 2006లో ఆ సంస్థ కేటాయింపు రద్దయ్యెను. అటుపై సాగిన వ్యాజ్యమున 2024 మార్చిలో హైకోర్టు ప్రభుత్వపక్షమున తీర్పు నిచ్చెను. మే నెలలో సుప్రీముకోర్టు ఆ తీర్పుతో జోక్యము కలిగించుకొనలేదు. హద్దులను నిర్ణయించు సర్వే తుదిముట్ట జరుగలేదని విశ్వవిద్యాలయాధికారులు 2025లో చెప్పిరి. జరిగినదని ప్రభుత్వము చెప్పెను. ఏబదియేండ్లు గడచిన పిమ్మట హద్దు ఎచ్చటనున్నదో రెండు పక్షముల వారికి ఏకీభావము లేకుండుటకంటె వింత యేమి యుండును?

న్యాయస్థానములు హక్కును గూర్చి చెప్పినదానికి మేము మాఱుపలుకము. భూమి సర్కారుదే యనుకొందము. సర్కారు ఎవరిది? ప్రజలది. విశ్వవిద్యాలయమో? అదియు ప్రజలదే. ఒక యింటిలో అన్నదమ్ముల నడుమ ఏబదియేండ్లు పంపకము వ్రాసికొనక, ఒకనాటి తెల్లవాఱుజామున ఒకరు యంత్రములను తోలుకొనివచ్చినచో ఊరిపెద్దలు ఎవరిని తప్పుపట్టుదురు? ముందుగ తోలినవానిని తప్పుపట్టుదురు. తరువాత, అన్నినాళ్లు కాగితము అడుగక కూర్చున్నవానిని కూడ మందలింతురు.

ఉస్మానియా కథలో మన మనుకరింపదగిన పాఠమొకటి యున్నది. 1918లో స్థాపితమైన యా సంస్థ మొదట నగరములోని బాడుగ యిండ్లలో నడచెను. తొందరపడి గోడలు లేపక, నవాబు జైన్ యార్ జంగు, సయ్యద్ అలీ రజా యను ఇరువురు శిల్పులను విదేశముల విశ్వవిద్యాలయములను చూచిరమ్మని పంపిరి. బెల్జియము శిల్పి ఎర్నెస్టు జాస్పరు సాయము గైకొనిరి. ఆవరణమంతటికి పటము వేసికొనిరి. 1934లో ఆర్ట్సు కళాశాలకు శంకుస్థాపన జరిగి, 1939 డిసెంబరులో ఆ భవనము తెఱువబడెను. నిరంకుశ రాజ్యమున ప్రజల కొఱకు చేయబడిన ఘనకార్యములలో ఇది యొకటి యని నిష్పక్షపాతముగ చెప్పవచ్చును. కాని పటము వేసినవారి శ్రద్ధ తరువాతివారిలో నిలువలేదు. సుమారు 1,600 ఎకరములని చెప్పబడిన యా భూమి క్రమముగ తఱిగినది. కొంత ఆక్రమణలపాలై వ్యాజ్యములకు కారణమైనది. హద్దుగోడ లేనిచోట పొరుగువాని పెరడు ముందునకు జరుగుట ప్రకృతిధర్మము వంటిది. దానిని ఆపునది ఏటేట హద్దును నడచి చూచుకొను నలవాటు తప్ప వేఱొకటి లేదు.

ప్రభుత్వపక్షమున చెప్పదగిన మాటయు నున్నది. దానిని దాచుట న్యాయము కాదు. నగరము పెరుగుచున్నది. బాటలు, న్యాయస్థానములు, ఆసుపత్రులు కావలెను. వేలకొలది ఎకరములు ఒక సంస్థ చేత నుండగా కొంత భాగము ప్రజావసరమునకు గైకొనిన నేమి యని అడుగుదురు. రాజేంద్రనగరములో ఆచార్య జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయపు భూమిలో నూఱు ఎకరములు హైకోర్టు నూతన భవనములకు కేటాయింపబడినవి. విద్యార్థులు నిరసన తెల్పిరి. అయినను 2024 మార్చిలో శంకుస్థాపన జరిగెను. న్యాయస్థానము అవసరమే, కాదనువా రెవరు? కాని వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు భూమియే ప్రయోగశాల. వైద్య కళాశాలనుండి రోగుల మంచములను తీసికొనిపోయి వేఱొక ధర్మకార్యమునకు వాడితిమన్న సమాధానము చెల్లునా? ఖాళీగ కనబడు నేల యెల్ల బీడు కాదు. బండల నడుమ చెరువు, చెరువు ప్రక్క పొద, పొదలో పిట్ట, ఇవియు చదువుకొను వారికి గ్రంథములే. ఈ మాటను ముందే పటములో వ్రాసి, ఈ భాగము ప్రయోగములకు, ఈ భాగము అడవికి, ఈ భాగము రాబోవు భవనములకు అని తెలిపియుండినచో, ఖాళీ భూమి యను మాటకు తావుండదు. పటము లేనిచోట ప్రతి గజమును ఖాళీయే.

పెద్ద సంస్థలకే యీ గతియైనచో చిన్నవాని మాట చెప్పనేల? 1985లో అకాడమీలను, అంతర్జాతీయ తెలుగు సంస్థను కలిపి స్థాపించిన తెలుగు విశ్వవిద్యాలయమును చూడుడు. 1998లో అది పొట్టి శ్రీరాములు పేరు దాల్చెను. 2025లో సురవరము ప్రతాపరెడ్డి పేరు దాల్చెను. ఇరువురును మనకు పూజ్యులే. కాని పేరు మాఱిన ప్రతిసారి శాసనసభలో జరిగిన చర్చలో పదవవంతు దాని ప్రణాళికపై జరిగినదా? 2014లో రాష్ట్రము విడిపోయినప్పుడు పునర్విభజన చట్టపు పదవ షెడ్యూలులో ఈ విశ్వవిద్యాలయము చేరినది. హైదరాబాదు, వరంగల్లు ఇటు, రాజమహేంద్రవరము, శ్రీశైలము, కూచిపూడి అటు. శ్రీశైలములో చరిత్ర, రాజమహేంద్రవరములో సాహిత్యము, కూచిపూడిలో నాట్యము అని పెద్దలు పంచిపెట్టిన శాఖలు ఒక్క దేహమునకు అవయవములు. విభజన జరిగి పదియేండ్లు దాటినను ఆ దేహమునకు సంబంధించిన పంపకము తెమలక లాగబడుచు వచ్చెను. ఇంతలో నాంపల్లి తోట ప్రక్కనున్న యిరుకు భవనములనుండి బాచుపల్లికి తరలుట జరిగినది. బాచుపల్లిలో సుమారు నూఱు ఎకరములున్నవి. ఒకనాడు ఊరికి దూరమైన యా నేల చుట్టును నేడు అంతస్తుల మేడలు లేచినవి. పదియేండ్లకు పిమ్మట ఆ నూఱు ఎకరములపై ఎవరి కన్ను పడునో ఊహించుటకు జ్యోతిషము అక్కఱలేదు.

కావున ఈ సంస్థయు, ఇట్టి యితర చిన్న సంస్థలును వెంటనే చేయవలసిన పనులు నాలుగు కలవు. మొదటిది, ఉమ్మడి సర్వే. రెవెన్యూశాఖ, విశ్వవిద్యాలయము కలిసి హద్దులు కొలిచి రాళ్లు పాతి, ఇరుపక్షములవారు పంచనామాపై సంతకము చేయవలెను. రెండవది, రికార్డు. భూభారతి చట్టము 2025లో అమలులోనికి వచ్చినది. ఎకరము పొలముగల రైతు తన పేరు దాఖలు చేయించుకొనుటకు కచేరీ చుట్టు తిరుగుచుండగా, విశ్వవిద్యాలయము తన పేరు దాఖలు చేయించుకొనకుండుట క్షమింపరానిది. మూడవది, ఆవరణ ప్రణాళిక. రాబోవు ఇరువదియేండ్లకు ఏ భవన మెచ్చట, ఏ చెట్ల తోపు ఎచ్చట, ఏ చెరువు ఎచ్చట అను పటము అచ్చువేసి ప్రజల ముందుంచవలెను. నాలుగవది, సాలుసరి లెక్క. ప్రతి సంవత్సరమును భూమి యెంత యున్నది, ఎంత పోయినది, ఏ యుత్తరువున పోయినది, ఏమి వచ్చినది యని శాసనసభ ముందు ఒక కాగిత ముంచవలెను. ఇందులో దేనికిని కోట్ల ధనము అక్కఱలేదు.

ఇది యూహాలోకపు కోరిక కాదు. అమెరికా దేశమున 1862లో మోరిల్ చట్టము చేసినప్పుడు, శాసనసభలోని ఒక్కొక్క ప్రతినిధికి 30,000 ఎకరముల లెక్కన రాష్ట్రములకు భూమి నిచ్చి, దానినమ్మిన ధనముతో వ్యవసాయ, యంత్రవిద్యల కళాశాలలు పెట్టుమనిరి. ఆ భూమి ఆదివాసుల చేతినుండి లాగబడిన దను కళంకము దానికి లేకపోలేదు. కాని మూలధనము తఱుగరాదనియు, తఱిగినచో రాష్ట్రమే పూరింపవలెననియు, ఏటేట నివేదిక సమర్పింపవలెననియు చట్టములోనే వ్రాసిరి. ఈయబడినది హరింపబడకుండుటకు కట్టుబాటు కూడ ఈయబడెను. మన కేటాయింపులలో దానమున్నది, కట్టుబాటు లేదు.

మన నేలలోను త్యాగమునకు కొదువలేదు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము పుట్టినప్పుడు అది బెజవాడలో నుండవలెనా, వాల్తేరులో నుండవలెనా యని ఎంత వాదము జరిగినది! జయపురము మహారాజు విక్రమదేవవర్మ యిచ్చిన విరాళములతో దాని విజ్ఞానశాస్త్ర కళాశాల ప్రాణము పోసికొనెను. తొలి ఉపాధ్యక్షులగు కట్టమంచి రామలింగారెడ్డి జాతీయోద్యమముపై సాగిన దమనకాండకు నిరసనగా తమ పదవినే వదలుకొనిరి. విశ్వవిద్యాలయమనగా ప్రభుత్వపు కచేరీ కాదు, జాతి తన భావికొఱకు దాచుకొన్న విత్తనపు గాదె యను భావము ఆ తరమువారిలో నుండెను. ఎంత కరవు వచ్చినను విత్తనపు గింజలను దంచుకొనరాదని రైతునకు తెలియును.

భూస్వాములగు మన పాఠకులకు ఈ విషయము వేఱుగ బోధింప నక్కఱలేదు. పట్టా లేని చేను, హద్దు లేని దొడ్డి, పహాణీలో పేరెక్కని స్వాధీనము ఎన్నాళ్లు నిలుచునో వారెఱుగుదురు. తమ పొలమున కొక గట్టు జరిగినచో తెల్లవాఱకమునుపే లేచి పోవువారు, తమ బిడ్డలు చదువుకొను చోట గట్టు జరుగుచుండగా వేలము ప్రకటన అచ్చగువఱకు మిన్నకుండుట తగునా? మీ ప్రాంతపు శాసనసభ్యుడు మీ గుమ్మమునకు వచ్చినప్పుడు ఒక్క ప్రశ్న అడుగుడు: మన విశ్వవిద్యాలయములకు ఎన్ని ఎకరములున్నవి, అవి ఎవరి పేరనున్నవి? ఆయన చెప్పజాలనిచో, మరల వచ్చునప్పుడు తెలిసికొని రమ్మనుడు. మాహ్ లఖా సమాధి తోట కూడ చాలకాలము అడుగువారు లేక పాడుపడియుండి, ఇటీవల బాగుపడినది. అడుగువారున్న యెడల పాడైన తోటయు బాగుపడును. లేనియెడల బాగైన విద్యాలయమును పాడగును.