విజయపురి విమానము: గడపనుండి గడపకు

నాగార్జునసాగరమునకు కుడిగట్టున, పల్నాటి విజయపురి సౌత్‌నందు విమానములు దిగుటకొక చిన్న బాట చిరకాలముగా కలదు. నియతముగా ప్రయాణికులను గొనిపోవు విమానము మాత్రము దానిపై నేటికిని దిగుట లేదు. 2019లో ఉడాన్ పథకపు మూడవ విడతయందు సాగరజలాశయమును నీటివిమానముల రేవులలో నొకటిగా నెంచిరి. 2024 నవంబరు 9వ తేదీన విజయవాడనుండి శ్రీశైలమునకు నీటివిమానమును ప్రయోగార్థము నడిపిరి. విజయపురి బాటను విస్తరించి విమానాశ్రయముగా జేయవలెనను మాటయు మరల వినవచ్చినది. పల్నాటివారి కిది సంతోషవార్తయే. కాని సంతోషమునకు ముందు లెక్క యుండవలెను.

విజయపురికిని గన్నవరమునకును ఆకాశమార్గమున దూరము సుమారు 158 కిలోమీటర్లు. డెబ్బదిమంది కూర్చుండు విమానము ఎగిరి దిగుటకు అరగంట చాలును. బండిబాటన నాలుగు గంటలకు తక్కువ కాదు. ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన నుంచినచో ఎవరికైనను విమానమే మేలని తోచును. అయితే మనుష్యుడు విమానాశ్రయమున కాపురముండడు గదా!

మాచర్ల వర్తకు డొకడు విజయవాడ అంగడికి పోవుననుకొందము. పడమటి దిక్కున విజయపురికి చేరుటకు నలువది నిమిషములు; అచ్చట వేచియుండుటకు గంట; ఆకాశమున అరగంట; దిగి సామాను గైకొనుటకు ఇరువది నిమిషములు; గన్నవరమునుండి పట్టణమునకు ముప్పావుగంట. వెరసి మూడుగంటల పావు. తిన్నగా కారులో పోయినను మూడున్నర గంటలే! మిగిలినది పావుగంట. గురజాల రైతు గతి యింకను విచిత్రము. తూర్పునకు పోవలసినవాడు ముందుగా పడమటికి పోవలెను. వానికి మిగులునది లేకపోగా చేతి కాలమే వ్యయమగును.

ఇట్లని మేము విమానము వలదనుట లేదు. వేచియుండు గంట దూరముతోపాటు పెరుగదు. దూరము పెరిగినకొలది విమానము మేలు పెరుగును. విజయపురినుండి బెంగుళూరునకుగాని చెన్నపట్టణమునకుగాని ఆకాశమున సుమారు 400 కిలోమీటర్లు. అచ్చట విమానము నిజముగా పూటను మిగిల్చును. 2017 ఏప్రిల్ 27వ తేదీన ఉడాన్ క్రింద ప్రారంభమైన కడప–హైదరాబాదు విమానము దూరమును సుమారు 300 కిలోమీటర్లు. నాగార్జునకొండను జూడవచ్చు దూరదేశీయులకును ఈ బాట యుపకరింపవచ్చును.

కావున ప్రభుత్వమువారిని మే మడుగునది స్వల్పము. రన్‌వేనుండి రన్‌వేకు గాక గడపనుండి గడపకు పట్టు కాలమును మాచర్ల, గురజాల, నరసరావుపేటలనుండి వేర్వేరుగా లెక్కించి ప్రకటింపుడు. ఏయే నగరములకు విమానము నడుచునో, వారమున కెన్నిమారులో, టిక్కెట్టు వెల యెంతయో తెలుపుడు. విజయపురికి చేరు రోడ్డును ముందు బాగుచేయుడు. విస్తరణకు భూమి కావలసివచ్చినచో, ఆ లెక్క రైతు చేతి కందిన పిమ్మటనే వాని పొలమును కొలువుడు.

కృష్ణ కడ్డముగా సాగరము కట్టినవారు 1955లో పునాదిరాయి వేసి, 1967లో కాలువలకు నీరు వదలిరి. ఆ నీరు పొలమున పారినదినమున రైతునకు ఎవరును లెక్క చెప్పనక్కరలేకపోయెను. విమానముయొక్క మేలును అట్లే ఇంటివాకిట కనబడవలెను. పల్నాటి ప్రజకు కావలసినది ఆకాశమున అరగంట గాదు. దినమున మిగులు గంటలు.