నికాహ్ తల్లిది, శిక్ష బిడ్డకా?

వితంతు వివాహాలను ప్రోత్సహించాలని ప్రభుత్వ వేదికల మీద ఉపన్యాసాలు వింటూనే ఉన్నాం. ఈ విషయంలో మన సమాజానికి ఎవరి బోధా అవసరం లేదు. హజ్రత్ ఖదీజా (రజి) వితంతువు. హజ్రత్ ఉమ్మె సలమా (రజి) పిల్లలతో సహా ప్రవక్త (స) ఇంట అడుగుపెట్టారు. ఆమె కుమారుడు ఉమర్‌కు కుడిచేత్తో తినమని, తన ముందున్నదే తినమని ప్రవక్త (స) స్వయంగా నేర్పిన సంగతి మన పిల్లలందరికీ తెలుసు. ఆ దస్తర్‌ఖాన్ మీద సవతి బిడ్డకు చోటు దొరికింది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలలో అటువంటి బిడ్డకు కడుపు నింపవలసిన కాగితాలలో మాత్రం చోటు లేదు.

ఆసరా పథకం 2014 నవంబరులో నాటి మన ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా కొత్తూరులోనే ప్రారంభమైంది. వితంతువుకు అప్పుడు నెలకు 1,000 రూపాయలు. 2019లో అది 2,016 అయింది. ఆమె నికాహ్ చేసుకున్న నాటి నుండి వితంతువు కాదు గనుక పింఛను నిలిచిపోతుంది. కేంద్రం ఇచ్చే ఇందిరాగాంధీ వితంతు పింఛను నియమాలు కూడా పునర్వివాహంతో సాయం ఆగుతుందని స్పష్టంగా చెబుతున్నాయి. ‘పోషించే భర్త వచ్చాడు కదా, ఇక పింఛను దేనికి?’ అన్నది అధికారుల వాదన.

ఈ వాదన తల్లి విషయంలో కొంతవరకు నిలుస్తుందేమో గాని, బిడ్డ విషయంలో నిలువదు. ఆ 2,016 రూపాయలలో తిన్నది తల్లి ఒక్కతే కాదు. సవతి తండ్రి ఆ బిడ్డను పోషించి తీరాలని ఏ చట్టమూ శాసించడం లేదు. షరీయత్ ప్రకారం అతడు సవతి బిడ్డకు వారసత్వం ఇవ్వవలసినవాడు కాడు. పోషణ అతని మీద విధిగా లేదు. పోషిస్తే అది అతని మంచితనం, అల్లాహ్ వద్ద పుణ్యం. హమాలీ పని మీదో, ఆటో మీదో బ్రతికే మనిషి మంచితనాన్ని లెక్కలో చూపి యతీమ్ నోటి దగ్గరి కూడు తీసివేయడం ఏ న్యాయం?

ప్రభుత్వానికి వేరే దారి తెలియక ఇలా చేస్తున్నదనుకోవడానికి వీలులేదు. ప్రభుత్వ ఉద్యోగి చనిపోతే భార్యకు కుటుంబ పింఛను వస్తుంది. ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంటే అది అంతటితో మాయం కాదు. అర్హులైన పిల్లలకు బదిలీ అవుతుంది. గుమాస్తాగా పనిచేసిన నాకు ఈ నియమం కొత్తది కాదు. గుమాస్తా బిడ్డకు వర్తించే న్యాయం పాలమూరు వలస కూలీ బిడ్డకు ఎందుకు వర్తించదు? ఆ బిడ్డ తండ్రి మరణం మాత్రం మరణం కాదా?

ఇక రేషన్ సంగతి. మనిషికి 6 కిలోల బియ్యం రావాలంటే కార్డులో పేరుండాలి. బిడ్డ పేరు చనిపోయిన తండ్రి పుట్టింటి కార్డులో ఉంటుంది. అక్కడ తీసివేస్తే గాని ఇక్కడ చేరదు. తుంగభద్ర అవతల కర్నూలు నుండో, సరిహద్దు దాటి రాయచూరు నుండో వచ్చిన కోడలైతే ఆ కాగితం కోసం మరో రాష్ట్రానికి తిరగాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుండి వితంతు పింఛను 4,000 రూపాయలు. నది దాటి నికాహ్ చేసుకున్న స్త్రీ పోగొట్టుకునేది ఎంతో లెక్కవేసుకోండి.

తండ్రి పేరు కుదరలేదనే అభ్యంతరం మరొకటి. పెంచినవాడి పేరు కాక, కన్న తండ్రి పేరుతోనే పిల్లలను పిలవాలన్నది ఖుర్ఆన్ ఆదేశం. కనుక మన బిడ్డ కాగితాలలో కన్న తండ్రి పేరే ఉంటుంది, ఉండాలి కూడా. అది తప్పుడు పత్రం కాదు. అసలు ఈ చిక్కు రాకూడనిది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం 13వ సెక్షన్ ప్రకారం రేషన్ కార్డుకు ఇంటిలోని పెద్ద స్త్రీయే యజమాని. ఆమె యజమానురాలైతే ఆ బిడ్డ సొంత కొడుకే, సొంత కూతురే. కొత్తగా చేరినవాడు భర్త. సవతి అన్న మాటకే తావు లేదు. చట్టంలోనే జవాబుండగా పేదవాళ్లను తిప్పడం దేనికి?

ఈ విధానం వలన కలిగే ఘోరమైన నష్టం మరొకటుంది. పింఛను పోతుందన్న భయం నికాహ్‌ను గోప్యంగా జరుపుకొమ్మని ప్రేరేపిస్తుంది. ఖాజీ వద్ద సియాహా ఉండదు, మహర్‌కు రుజువుండదు. రేపు ఆ భర్త కాదంటే, లేదా కాలం చేస్తే, ఆమె ఎవరి భార్య? నెలకు 2,016 రూపాయల కోసం ఒక స్త్రీ తన హక్కులన్నిటినీ తాకట్టు పెట్టవలసి వస్తున్నది. ‘ఇప్పుడే రాయించకమ్మా’ అని సలహా ఇచ్చే మన పెద్దలు కూడా ఈ పాపంలో భాగస్వాములే.

మనం కోరేది దానం కాదు. తల్లి పునర్వివాహం చేసుకుంటే ఆ పింఛను తండ్రిలేని బిడ్డ పేరుకు మారి, పద్దెనిమిదేళ్లు నిండే వరకు కొనసాగాలి. నికాహ్‌నామా, బిడ్డ జనన ధ్రువపత్రం చూపితే తల్లి కార్డులో పేరు చేరాలి. పాత కార్డులోని పేరు తొలగించే పని కార్యాలయాలే చూసుకోవాలి. మూడు జిల్లాల శాసనసభ్యులు ఈ మాట శాసనసభలో అడగాలి. జమాత్ కమిటీలు సియాహా లేని నికాహ్‌కు సాక్షులుగా నిలబడకూడదు. ప్రజావాణికి వెళ్లే ప్రతి సోమవారం ఒక్క దరఖాస్తు అయినా ఈ విషయం మీద పడాలి. యతీమ్ హక్కును తినేవారి గురించి మన గ్రంథం ఎంత కఠినంగా హెచ్చరించిందో మనకు తెలుసు. పాలకులకు తెలియజేయడం మన బాధ్యత.