పొట్టి హాస్యము – పొడవు చిత్రము

గడచిన వార్షికోత్సవమునకు మా పాఠశాల విద్యార్థులు పది నిమిషముల ప్రహసన మొకటి యాడిరి. చెవిటి తాతగారొకరు, ఆయన యడిగినదానికి నోటికి వచ్చిన సమాధానము చెప్పి తప్పించుకొను పనివాడొకడు – అంతియే అందలి పాత్రలు. చూచినవారందఱును కడుపుబ్బ నవ్విరి. ఆ మెప్పుచే నుత్సాహము పొంది, మన విద్యార్థులు రెండు మాసముల పిమ్మట దానినే గంటన్నర నాటకముగా పెంచి మరల నాడిరి. మొదటి పావుగంట నవ్వులు వినవచ్చినవి. అరగంటకు దగ్గులు వినవచ్చినవి. ముప్పావుగంటకు ముందు చాపలమీది చిన్నపిల్లలు నిద్రపోయిరి. ఆట ముగిసిన తరువాత నటులు మాయొద్దకు వచ్చి, “అవే మాటలు, వారే మనుష్యులు, అయినను ఎందుకిట్లయినది?” అని యడిగిరి. వారికి నాడు సరియైన సమాధానము చెప్పలేకపోతిమి. ఇప్పుడు చెప్ప ప్రయత్నించుచున్నాము.

ఈ చిక్కును మనకంటె ముందుగను, మనకంటె పెద్దయెత్తునను ఎదుర్కొన్నవారు జపానుదేశపు బొమ్మల చిత్రకారులు. అచ్చట అనిమే యని పిలువబడు కదలు బొమ్మల కథలు వారము వారము టెలివిజనులో వచ్చును. వానిలో హాస్యకథల వరుస ప్రజాదరణ పొందినచో, దానిని గంటన్నర చలనచిత్రముగ తీసి నాటకశాలలకు పంపుట ఆ దేశమున వాడుక. డోరేమాన్, షించాన్ అను రెండు పేర్లు చెప్పినయెడల మా విద్యార్థులకు వేఱు వివరణ మక్కఱలేదు. టెలివిజనులో వారు తెలుగు మాటలాడగా వినియే యున్నారు. రెండవ పేరు చూడగనే తల్లిదండ్రులు కొందఱు ఈ పుట త్రిప్పివేయుదురేమో! కొంచెము సేపు ఓర్చుకొనవలెనని కోరుచున్నాము. మేము చెప్పదలచినది ముఖ్యముగ ఆ పిల్లవానిని గూర్చియే.

షించాన్ కథను ఉసుయి యోషితో యను చిత్రరచయిత 1990లో బొమ్మల కథగ ఒక వారపత్రికలో ఆరంభించెను. 1992 ఏప్రిలులో అది టెలివిజనున కెక్కెను. టోక్యో నగరమునకు ఉత్తరముగ సైతామా మండలములోని కసుకబె పట్టణమున నొక సామాన్య కుటుంబము: కచేరి యుద్యోగియగు తండ్రి హిరోషి, ఇల్లు చూచుకొను తల్లి మిసాయే, ఐదేండ్ల కొడుకు షిన్నొసుకె, శిశువగు చెల్లెలు హిమావారి, షిరో యను కుక్క. అరగంట కార్యక్రమములో సాధారణముగ మూడు కథలుండును. ఒక్కొక్కటి ఏడెనిమిది నిమిషములు. పిల్లవాడు పెద్దల యెదుట అనరాని మాట అనును, తల్లి నెత్తిమీద మొట్టును, నెత్తి బొప్పి కట్టును, కథ ముగియును. తరువాతి కథలో ఆ బొప్పి యుండదు. 1992లో ఐదేండ్లవాడు నేటికిని ఐదేండ్లవాడే.

ఈ తుదిమాటలోనే రహస్యమంతయు కలదని మా యభిప్రాయము. పొట్టి హాస్యమునకు ప్రాణము మఱపు. నిన్నటి దెబ్బ నేటికి నొప్పి పెట్టదు. నిన్నటి అవమానము నేటికి జ్ఞప్తికి రాదు. అందుచేతనే మనము నిశ్చింతగ నవ్వగలుగుచున్నాము. గంటన్నర చిత్రమునకు ప్రాణము జ్ఞాపకము. మొదట జరిగినది తుదివఱకు వెంటాడవలెను. లేనిచో కూర్చున్నవాడు ఎందులకు కూర్చుండవలెను? మఱపుపై నిలిచినదానిని జ్ఞాపకముపై నిలుపబూనుట యొక ఇంటి పునాదిమీద వేఱొక యింటిని కట్టుట వంటిది. మన చెవిటి తాతగారు కూలిపోయినది అచ్చటనే.

ఈ చిక్కునుండి తప్పించుకొనుటకు చిత్రకారులు సాధారణముగ తొక్కు దారి యొకటి కలదు. తెలిసిన పాత్రలను తెలియని చోటికి పంపుదురు: ఆకాశమునకో, పూర్వకాలమునకో, రాక్షసుల లోకమునకో. అపాయము బయటినుండి వచ్చును గనుక కథ పొడవునకు కావలసిన బరువు దొరకును. 1980 మార్చిలో వెలువడిన మొదటి డోరేమాన్ చిత్రము ఇట్టిదే. నోబితా యను పిల్లవాడు రాక్షసిబల్లి గ్రుడ్డు శిలను కనుగొని, పొదిగించి, పిల్లను పెంచి, దానిని ప్రాచీన సముద్రమున విడిచివచ్చుట 1975 నాటి పొట్టి కథ. చిత్రములో నా కథ అచ్చట ముగియదు: విడిచినచోటు తప్పు చోటని తెలియును, పిల్లలు దానిని వెదకికొనుచు పోవుదురు, తిరుగు దారి మూసికొనిపోవును. ఇది మంచి చిత్రము. ఏలయన ఆ సాహసము బయటినుండి తెచ్చి అతికినది కాదు. చిన్న కథలోని కన్నీటి చుక్కనుండియే పుట్టినది. కాని దీనిని చూచి వాతలు పెట్టుకొన్నవి తరువాత ననేకములు వచ్చినవి. ఈ వరుసలో మఱియొక వింత కలదు. టెలివిజనులో అందఱిని కొట్టి పీడించు జయానను బండ పిల్లవాడు, చిత్రములలో మాత్రము స్నేహితులకై ప్రాణమిచ్చు ధీరుడగును! జపాను ప్రేక్షకులు దీనిని గూర్చి పరిహాసములాడుకొందురు. పరిహాసము సరే, అపాయము కొఱకు పాత్రనే మార్చవలసివచ్చుట యా దారిలోని లోపము కాదా?

ఇక షించాన్ చిత్రములు. మొదటిది 1993లో వచ్చెను. నాటినుండి ఏటేట నొకటి వచ్చుట ఆచారమైనది. వీనిలో తొమ్మిదవది, 2001లో హర కెయిచి దర్శకత్వమున వెలువడినది, మా ప్రశ్నకు సమాధానము. దాని పేరును తెలుగున ‘పెద్దల సామ్రాజ్యపు ఎదురుదాడి’ యని చెప్పవచ్చును.

కథ యిది. కసుకబె సమీపమున ‘ఇరువదవ శతాబ్ది ప్రదర్శనశాల’ యొకటి వెలసినది. అందులో పెద్దలు తమ బాల్యమునాటి ఆటలు, పాటలు, వీరుల వేషములు మరల ననుభవింపవచ్చును. ముఖ్యముగ అచ్చట 1970లో ఒసాకా నగరమున జరిగిన ప్రపంచ ప్రదర్శన మరల కట్టబడినది. ఆ ప్రదర్శన కల్పితము కాదు. ఆఱు మాసములలో 6 కోట్ల 40 లక్షలకు పైగా జనులు దానిని చూచిరి; చంద్రునిపైనుండి తెచ్చిన రాతిని చూచుటకు అమెరికా మందిరము ముందు గంటల తరబడి నిలిచిరి. నాటి బాలురే 2001 నాటి తండ్రులు. దేశపు ఐశ్వర్యము క్రుంగి పదేండ్లయినది. క్రొత్త శతాబ్దము ఆశించినట్లు లేదు. అట్టివారికి ఆ శాలాధిపతి కెన్ అనువాడును, అతని సహచరి చాకోయును ‘పాతకాలపు వాసన’ను ఎఱగ వేయుదురు. ఒక ఉదయమున ఊరిలోని పెద్దలందఱును పిల్లలవలె మారిపోవుదురు. వంట లేదు, కచేరి లేదు. బండ్లు వచ్చి వారిని తీసికొనిపోవును. పిల్లలు మాత్రము ఖాళీ యిండ్లలో మిగిలిపోవుదురు.

షిన్నొసుకె తండ్రిని వెదకికొనుచు పోయి, ఆ కట్టబడిన ఒసాకాలో, చంద్రశిల చూడవలెనని యేడ్చు చిన్న బాలుని రూపమున కనుగొనును. పిలిచినను తండ్రి కొడుకును గుర్తింపడు. అప్పుడా పిల్లవాడు చేసినదేమి? తండ్రి బూటు తీసి తండ్రి ముక్కునకు పట్టినాడు!

ఇచ్చట మాతో నొక క్షణ మాగవలెనని పాఠకులను కోరుచున్నాము. హిరోషి పాదముల దుర్గంధము టెలివిజను కథలలో పదేపదే వచ్చు హాస్యము. మేజోళ్లు విప్పగనే ఇల్లంతయు ముక్కు మూసికొనును. అంతకంటె దానికి అర్థము లేదు. అంతకంటె తక్కువ హాస్యము మఱియొకటి యుండునా? కాని ఆ కంపు ఎచ్చటిది? దినమంతయు ఎండలో తిరిగి, అధికారి చీవాట్లు తిని, క్రిక్కిరిసిన రైలులో నిలిచి, రాత్రికి ఇల్లు చేరిన మనుష్యుని కాళ్లది. ఆ వాసన తగులగనే చిన్న హిరోషికి తన జీవితము జ్ఞప్తికి వచ్చును: తండ్రి సైకిలు వెనుక కూర్చుండి పోయిన దినము, యౌవనపు టెడబాటు, నగరములో ఉద్యోగము, మిసాయేతో పరిచయము, కొడుకు పుట్టిన దినము, క్రొత్త యిల్లు, తుదకు తన సైకిలు వెనుక తన కొడుకు. కొన్ని నిమిషముల ఆ భాగములో ఒక్క మాటయు లేదు, సంగీతము మాత్రమే. తరువాత హిరోషి కొడుకును కౌగిలించుకొని యేడ్చును. పాతకాలపు సుగంధమును ఓడించినది నేటి కాలపు దుర్గంధము!

చూడుడు: దర్శకుడు బరువు కొఱకు బయటికి పోలేదు. పదేండ్లుగ నవ్వుచు దాటిపోయిన హాస్యమునే పట్టుకొని, వరుస కథలు ఎన్నడును అడుగని ప్రశ్న నడిగినాడు. పాత్రలు మారలేదు. తండ్రి ధీరుడు కాలేదు. కాళ్లు కంపు కొట్టుట మానలేదు. పిల్లవాడు తుదియందు కెన్‌ను ఆపుటకు ఎత్తైన గోపురపు మెట్లు ముక్కునుండి రక్తము కాఱుచుండ నెక్కును; అయినను వాడు అదే అల్లరి పిల్లవాడు. తల్లిదండ్రులతోను చెల్లెలితోను కుక్కతోను ఉండవలెననియు, తానును పెద్దవాడు కావలెననియు కెన్‌తో చెప్పును. ఎన్నటికిని ఐదేండ్లు దాటని బాలుడు ఈ మాట చెప్పుటలోని విషాదమును మేము ఆలస్యముగ గ్రహించితిమి.

ఈ చిత్రమును మెచ్చుకొను పెద్దలు కొందఱు, “ఇది పిల్లల చిత్రము కానే కాదు, పెద్దల చిత్రము” అని మెచ్చుకొందురు. ఈ మెప్పు మాకు రుచింపదు. పిల్లలు నవ్విన హాస్యమే లేనిచో పెద్దల కన్నీరు లేదు. బూటు ముక్కునకు పట్టినపుడు పిల్లవాడు నవ్వును, ప్రక్కనున్న తండ్రి కన్నులు తుడుచుకొనును. ఒకే క్షణమున, ఒకే కారణమున. అందులో నవ్వును తక్కువ చేసి మాటలాడుట అన్యాయము. మన చిలకమర్తివారి ‘గణపతి’ చదివి నవ్వినవారికి ఈ సంగతి క్రొత్త కాదు. ఆ బీద బాలుని వెఱ్ఱి చేష్టలను తీసివేసి జాలిని మాత్రము మిగుల్చుకొన నెవరికి సాధ్యము?

ఇట్లే వరుస కథల మఱపునే ప్రశ్నగా చేసిన చిత్రము మఱియొకటి ముందే వచ్చియుండెను. తకహాషి రుమికో గారి బొమ్మల కథనుబట్టి 1981లో ‘ఉరుసెయి యాత్సురా’ యను హాస్య వరుస టెలివిజనున కెక్కెను. దాని ముఖ్యదర్శకుడు ఒషీయి మమోరు. 1983లో నతడు తీసిన మొదటి చిత్రము పెద్దది చేసిన టెలివిజను కథవలెనే యుండెను. అతనికే తృప్తి కలుగలేదు. 1984లో రెండవది తీసెను. అందులో ఒక ఉన్నత పాఠశాలలో ఉత్సవమునకు ముందటి దినము తిరిగి తిరిగి వచ్చుచుండును. రేపు ఉత్సవమనుచు అందఱును పనిచేయుచునే యుందురు. ఆ రేపు రాదు. ఊరంతయు ఒక కలలో చిక్కినది. తన ప్రియునితోను స్నేహితులతోను ఎల్లకాలము ఇట్లే యుండవలెనని కోరిన లమ్ అను బాలిక కల యది. హాస్యకథలలో కాలమేల కదలదు అను ప్రశ్నకు అంతకంటె తీక్ష్ణమైన యుత్తరము మేము చూడలేదు. రచయిత్రికి మాత్రము ఆ చిత్రము నచ్చలేదని ప్రసిద్ధి. ఆమె కోపమును మేము త్రోసివేయలేము: ఇందులో హాస్యముకంటె దర్శకుని యాలోచన బిగ్గఱగ మాటలాడును. అందుచేతనే మేము కంపు మేజోళ్లకు మొదటి స్థాన మిచ్చుచున్నాము.

హరవారు మఱుసటి సంవత్సరము, 2002లో, ఆ కుటుంబమునే 1574 నాటి యుద్ధకాలమునకు పంపి వేఱొక చిత్రము తీసిరి. అది గంభీరమైనది, గౌరవము పొందినది. మాకు మాత్రము అందలి యోధుడు, రాకుమారి గుర్తున్నంతగ ఆ పిల్లవాడు గుర్తులేడు.

షించాన్ పేరు వినగనే కోపించు తల్లిదండ్రులకు ఒక మాట. మీ కోపము క్రొత్తది కాదు. జపానులో తల్లిదండ్రుల-ఉపాధ్యాయుల సమాఖ్య జరిపిన విచారణలలో, పిల్లలకు చూపగోరని కార్యక్రమములలో దీని పేరు తఱచు వచ్చినది. ఆ పిల్లవాని మోటు మాటలు మన పిల్లల నోట వినుట మాకును ఇష్టము లేదు. అయినను ఈ యొక్క చిత్రమును పిల్లలతో కలిసి కూర్చుండి చూడుడు. పిల్లవాడు ఎచ్చట నవ్వునో, మీరు ఎచ్చట మౌనము వహింతురో గమనించి మాకు తెలియజేయుడు.

ఇక మన చెవిటి తాతగారు. ఈ వ్యాసపు చిత్తుప్రతిని ఆ నటులకు చదివి వినిపించి, “మీ హాస్యము ఎన్నడును అడుగని ప్రశ్న యేది?” అని యడిగితిమి. చాలసేపు ఎవరును మాటలాడలేదు. తుదకు పనివాని వేషము వేసిన తొమ్మిదవ తరగతి బాలుడు, “తాతగారికి మొదటినుండియు వినబడుచునే యున్నదేమో నండీ, పలుకరించువాడు వాడొక్కడే గనుక, చెవిటివానివలె ఊరకున్నాడేమో” అనెను. మరల వ్రాయుచున్నారు. ఈసారి నలుబది నిమిషములకు మించదట. తాత వేషము వేసిన బాలుడు ఉత్తీర్ణుడై పాఠశాల విడిచిపోయెను. ఆ వేషమునకు కావలసినవారు సెలవుల యనంతరము మాకు పేర్లీయవలెను.