జుర్మానాకు రసీదేది?

నిజామాబాద్ జిల్లా ఆర్మూర్, బాల్కొండ వైపు పల్లెల్లో సర్పంచ్ ఎవరో తడుముకునేవాళ్లు ఉంటారేమో గానీ, వీడీసీ పెద్దమనుషులెవరో తెలియనివాళ్లు ఉండరు. గుడి కట్టినా, బడికి ప్రహరీ లేపినా ఈ గ్రామాభివృద్ధి కమిటీ చెయ్యి ఉంటుంది. పంచాయతీ కార్యదర్శిగా చేసి రిటైరైనవాణ్ణి, ఆ మంచిని కాదనను. కానీ చాలా ఊళ్లలో బెల్టుషాపుకు వేలం పెట్టేదీ వీడీసీయే, ఆ మందు తాగి కొట్టుకున్నవాళ్లకు జుర్మానా వేసేదీ వీడీసీయే. లైసెన్సే లేని దుకాణానికి వేలమేమిటని అడిగితే ఊరి ఆదాయమంటారు.

ఓ ఊళ్లో భూతగాదాలో కమిటీ మాట వినలేదని ఒక ఇంటిని బహిష్కరించారు. డప్పు చాటింపు అయిన మర్నాడు ఆ ఇంటావిడ పాలప్యాకెట్ కోసం కిరాణా కొట్టుకు వచ్చింది. కొట్టాయన ఆమె వైపు చూడకుండా తక్కెడ పళ్లెం తుడుస్తూ కూర్చున్నాడు. నిన్నటిదాకా ‘వదినా’ అని పిలిచిన మనిషే. పలకరిస్తే తనకూ ఐదువేలు పడుతుంది మరి. ఆవిడ కాసేపు నిలబడి, చేతిలోని నోటు కొంగున ముడేసుకుని వెళ్లిపోయింది.

ఆ ఐదువేలు ఎవరైనా కడితే పేరు ఒక నోటుబుక్కులోకి ఎక్కుతుంది. రసీదు ఇవ్వరు. తీర్పు నచ్చకపోతే పైన అడిగే చోటు లేదు.

అయినా జనం అక్కడికే ఎందుకు పోతారు? కోర్టు వాయిదాకు పోతే ఆ రోజు కూలి పోతుంది, వకీలు ఫీజు వేరే. కమిటీ ఒక్క సాయంత్రంలో తేల్చేస్తుంది. ఈ మాట ఒప్పుకోకుండా వీడీసీలపై కేసులు పెట్టినంత మాత్రాన పని జరగదు.

దీనికి మందు 2008లోనే పార్లమెంటు రాసిపెట్టింది. గ్రామ న్యాయాలయాల చట్టం 2009 అక్టోబరు 2 నుంచి అమల్లో ఉంది. ఫస్ట్‌క్లాస్ మేజిస్ట్రేటు స్థాయి న్యాయాధికారి పల్లెకే వచ్చి విచారించవచ్చు. రెండేళ్లకు మించి శిక్షపడని నేరాలు, చిన్న దొంగతనాలు, కాలువ నీళ్ల వంతులు, బావి నీళ్లు తోడుకునే హక్కు, ఇవన్నీ ఆ పరిధిలోవే. మన రచ్చబండ పంచాయితీలు సగం వీటి మీదే కదా! రాజీ కుదిర్చే మధ్యవర్తులకూ చట్టంలో చోటుంది. అప్పీలుకు వెళితే ఆరు నెలల్లో తేల్చాలి. తెలంగాణలో మాత్రం ఈ కోర్టులు కాగితం దాటి ఊళ్లోకి రాలేదు.

కోర్టులు రాకపోయినా, నేరాలు తగ్గించేందుకు పంచాయతీ చేతిలో ఉన్న పనులూ ఉన్నాయి. వీధిదీపాలు దాని బాధ్యతే. బస్టాపు నుంచి వాడలోకి పోయే దారిలో నెలల తరబడి దీపం వెలగకపోతే, అక్కడ జరిగే గొలుసు దొంగతనానికి పోలీసులను మాత్రమే తిడితే ఎట్లా? బెల్టుషాపు వద్దని గ్రామసభలో తీర్మానం చేసి ఎక్సైజ్ వాళ్లకు పంపడానికి ఎవరి అనుమతి కావాలి?

బహిష్కరణ మీద మహారాష్ట్ర 2016లోనే ప్రత్యేక చట్టం తెచ్చుకుంది. మూడేళ్ల దాకా జైలు. నాందేడ్ జిల్లా మనకు పొరుగే, అక్కడ నేరమైంది ఇక్కడ ‘ఊరి కట్టుబాటు’ ఎలా అవుతుంది? తెలంగాణకూ ఆ చట్టం కావాలి. గ్రామ న్యాయాలయాలు మొదట నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్ జిల్లాల్లో తెరవాలి. అవి వచ్చేలోపు సర్పంచులు చేయగలిగేది ఒకటుంది: వీడీసీ జుర్మానాల నోటుబుక్కును గ్రామసభకు తెప్పించి, ఎవరి దగ్గర ఎంత వసూలు చేశారో, ఆ డబ్బు ఎక్కడికి పోయిందో పైకి చదివించడం.