కత్తెర పెట్టే ముందు చదివించండి

మన ఇళ్ళలో అల్మారా పైన ఒక సంచి ఉంటుంది. అందులో పాత షాదీ రుఖ్ఖాలు, వలీమా కార్డులు, ఒకప్పటి ఈద్ కార్డులు. ఎవరూ దించరు, ఎవరూ పారేయరు. అందులో ముహబ్బత్‌తో దాచుకున్నవి కొన్నే. మిగతావన్నీ భయంతో ఆగిపోయినవి. పైన బిస్మిల్లా ఉంది, లోపల సూరా రూమ్ 21వ ఆయత్ ఉంది, చెత్తబుట్టలో ఎలా వేస్తాం, గునాహ్ కదా అనుకుంటాం. సంచికి ముడి వేసి మళ్ళీ పైకి ఎక్కిస్తాం.

నా రాయ్ ఏమిటంటే, ఈ ఈద్ లోపల ఆ సంచి దించాలి. పిల్లల చేతికి కత్తెర ఇవ్వాలి. అయితే కత్తెర కన్నా ముందు ఆ కార్డు వాళ్ళ చేత చదివించాలి.

కార్డు కోయడమే బేఅదబీ అనే పెద్దలున్నారు. వాళ్ళ ఫికర్‌ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ దుమ్ములో, చెదల మధ్య ఏళ్ళ తరబడి పడి ఉండటం మాత్రం ఎహెతెరామ్ ఎలా అవుతుంది? పాక్ కలామ్‌కి అదబ్ కావాలి. దాని కింద అచ్చేసిన బంగారు తీగలకీ, గులాబీలకీ కాదు. అందుకే మొదటి పని ఇది: ఆయత్, అల్లాహ్ నామం, నబీ సల్లల్లాహు అలైహి వసల్లం పేరు ఉన్న ముక్కల్ని విడిగా కోసి తీయండి. అబ్దుల్లా, అబ్దుర్రహ్మాన్ లాంటి పేర్లలోనూ అల్లాహ్ నామం ఉందని మరవకండి. వాటిని శుభ్రమైన గుడ్డలో చుట్టి, కాళ్ళు పడని చోట దఫన్ చేయండి. మీ మసీదులో ఇలాంటి కాగితాల కోసం డబ్బా పెట్టి ఉంటే అందులో వేయండి. మస్‌అలా ఏదైనా ఉంటే మీ ఆలిమ్ సాహెబ్‌ని అడగండి.

మిగిలినది మంచి మందపాటి కాగితం. డబ్బు పెట్టి కొన్నా అలాంటిది దొరకదు. ఈదీ లిఫాఫాలు చేయండి. నోటు ఎంత ఉందో దానికన్నా రెండు వేళ్ళు ఎక్కువ ఉండేలా కోసి, మూడు వైపులా మడిచి, మైదా పిండి జిగురుతో అతికిస్తే చాలు. మందం కార్డు మడతలో పగులుతుంది. కాబట్టి ముందు స్కేలు పెట్టి, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో గట్టిగా గీత గీసి, ఆ గీత మీద మడవండి. చిన్న ముక్కలతో చాంద్ తారలు కోసి దారానికి గుచ్చితే రంజాన్ అంతా గుమ్మానికి వేలాడదీయొచ్చు. సన్నటి పట్టీలు పిల్లల పుస్తకాల్లో గుర్తుగా పనికొస్తాయి. ప్లాస్టిక్ పొర, మెరుపు పూత ఉన్న కార్డులు చెమ్మ తగిలినా తొందరగా పాడవవు. అవి షీర్ ఖుర్మా గిన్నెల మీద పేర్లు రాసి పక్కింటికి పంపడానికి బాగుంటాయి.

ఇదంతా చేతిపని. అసలు లాభం చదవడంలో ఉంది. మన పిల్లలకు ఇంగ్లిష్ వచ్చు, తెలుగు వచ్చు. ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, రాసింది చూపిస్తే తెల్లమొహం వేస్తారు. ఆ పాత రుఖ్ఖా కన్నా మంచి ఖాయిదా ఏముంది? 1418 హిజ్రీ అంటే ఏ సంవత్సరమో లెక్క కట్టమనండి. ‘అద్దాయీ’ అంటే దావత్ ఇచ్చిన ఇంటిపెద్ద అని చెప్పండి. ‘చష్మ్ బరాహ్’ కింద వరుసగా పేర్లుంటాయి. దారి మీద కళ్ళు పెట్టుకుని మీ కోసం ఎదురుచూసేవాళ్ళన్నమాట. వాళ్ళలో చిచ్చా ఎవరు, ఫుప్పా ఎవరు, ఇప్పుడు మన మధ్య లేనివాళ్ళు ఎవరు? వాళ్ళ మగ్‌ఫిరత్ కోసం అక్కడే ఒక దువా చేయించండి.

కొన్ని పాత రుఖ్ఖాల్లో దుల్హన్ పేరే కనబడదు. ఫలానా సాహెబ్ దుఖ్తర్ అని ఉంటుంది, అంతే. ఆమె ఎవరో పిల్లలు తప్పక అడుగుతారు. నానీమానో దాదీమానో ఆ పేరు చెబితే, పిల్లలు కార్డు వెనక రాస్తారు. అలాంటి కార్డును కోయొద్దు, దాచండి. జెద్దా నుంచో దమ్మామ్ నుంచో అబ్బా స్వదస్తూరీతో రెండు ముక్కలు రాసి పంపిన ఈద్ కార్డు కూడా అంతే. అచ్చు కాగితం మళ్ళీ దొరుకుతుంది, చేతిరాత దొరకదు.

ఇప్పుడంతా వాట్సాప్‌లోనే కదా, ఈ గొడవెందుకు అనొచ్చు. ఈద్ కార్డుల మాట నిజమే. కానీ షాదీ రుఖ్ఖాలు ఆగలేదు. హైదరాబాద్ ఛత్తా బజార్‌కి వెళ్ళి చూడండి, పెట్టెల్లాంటి కార్డులు, మీద వెల్వెట్. ఒక్కపూట చూసి పక్కన పెట్టే దానికి అంత ఖర్చు ఇస్రాఫ్ కాక మరేమిటి?

అందుకే అచ్చు వేయించేవాళ్ళకి నాదొక గుజారిష్. ఖత్‌ని బిస్మిల్లాతో మొదలుపెట్టడం మంచి పనే. సులైమాన్ అలైహిస్సలామ్ సబా మలికాకు పంపిన ఖత్ కూడా అలాగే మొదలైందని సూరా నమ్ల్ చెబుతోంది. కానీ ఆ ఖత్ ఒక్కరికి వెళ్ళింది. మన కార్డు ఐదొందల ఇళ్ళకు వెళుతుంది. ప్రతి ఇంట్లో దాన్ని ఎవరో ఒకరు కాపాడాలి. కొందరు బదులుగా 786 వేస్తారు. అది అబ్జద్ లెక్కలో బిస్మిల్లా అక్షరాల మొత్తం. ఆ అంకె బిస్మిల్లాకు బదులు కాదనే ఉలమా ఉన్నారు. నాకు తోచింది వేరే: బిస్మిల్లా నోటితో చదివి కార్డు పంచండి, ఆయత్‌లు నికాహ్ ఖుత్బాలో ఖాజీ సాహెబ్ నోట వినిపించండి. కాగితం మీద పేర్లు, తారీఖు, చోటు చాలు. దుల్హన్ పేరు మాత్రం తప్పక వేయండి.

అప్పుడు ఆ కార్డు ఎవరింటి అల్మారాకీ బరువు కాదు. వచ్చే ఈద్‌కి ఏ పిల్లవాడి చేతిలోనో ఈదీ లిఫాఫా అవుతుంది, ఇన్షా అల్లాహ్.