రాసిపెట్టని వ్యాసం

మా అమ్మాయి ఐబీ డిప్లొమాలో చేరుతుంటే "ఇంటర్ ఎంపీసీ చాలదా?" అన్నారు అత్తగారు. నాకూ అదే అనుమానం. రెండేళ్లు, ఆరు సబ్జెక్టులు, మొత్తం 45 పాయింట్లు. వాటికి తోడు తనే ఓ ప్రశ్న ఎంచుకుని 4000 పదాల్లోపు వ్యాసం రాయాలి. టీచరు దారి చూపుతారే గానీ రాసిపెట్టరు. రాసిందంతా కొట్టేసి ఎన్ని రాత్రులు ఏడ్చిందో! చూస్తూ ఊరుకోవడం నాకూ కష్టమే అయింది.

మొన్న కాలేజీ నుంచి ఫోన్: "రిపోర్టు రాయమంటే అందరూ కంగారు పడుతున్నారమ్మా, నాకు అలవాటేగా!"

పాయింట్లు సీటు వరకే. ఆ తర్వాత పిల్లల్ని నిలబెట్టేది, ఎవరూ వెంటపడకుండా కూర్చుని పని ముగించే అలవాటే. ఏ బోర్డులో చదివినా దాన్ని ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు. ముందు వాళ్ల ప్రాజెక్టులు మనం చేసిపెట్టడం మానేద్దాం.